రోజుకు రెండు సమస్యలు

మా ఆశ్రమంలో పదకొండుమంది పెద్దవాళ్ళున్నారు. పది గదులు, ఒక వంటిల్లు, కాలవ వైపు పొడుగాటి వరండా. నేనక్కడ మేట్రన్‌ని, పేరు రాహేలు. ఇరవై ఏళ్ళు నర్సు ఉద్యోగం చేసి వచ్చినదాన్ని కాబట్టి నన్ను ఎవరూ అంత తేలిగ్గా కంగారు పెట్టలేరని నాకో నమ్మకం ఉండేది. కిందటి ఏడాది ఆగస్టు వరకూ ఉండేది.

అంతకుముందు ఏడాది డిగ్రీ కాలేజీ నుంచి ముగ్గురు పిల్లలు వచ్చారు. పేపరు చదివి వినిపించారు, కొత్త ఫోనులో మాటలు వినపడకపోతే సరిచేశారు, సూదిలో దారం ఎక్కించి పెట్టారు. వెళ్ళేటప్పుడు మావాళ్ళు బెంగపెట్టుకున్నారు కూడా. అందుకని ఈసారి కాలేజీ నుంచి డాక్టర్ శేషశయనంగారు స్వయంగా వచ్చి, విద్యార్థుల్ని పంపుతామంటే సంతోషంగా ఒప్పుకున్నాను. ఎంతమందని అడగలేదు. అదే నేను చేసిన పొరపాటు.

శేషశయనంగారు ఆ కాలేజీలో తెలుగు చెప్తారు. ఈ మధ్యనే ఆయన్ని 'అనుభవాత్మక వయోసేవా అభ్యసన సమన్వయకర్త'గా నియమించారు. ఆ పదవి ఆయనకు బాగా అమరింది. ఆయన మామూలుగా మాట్లాడినా సర్క్యులర్ చదివినట్టే ఉంటుంది.

"రెండవ సంవత్సర విద్యార్థులందరూ మాసంలోగా నూట ఇరవై గంటల వయోసేవ పూర్తిచేయవలెనని విశ్వవిద్యాలయం నిర్ణయించింది. పూర్తిచేయనివారు మూడవ సంవత్సరంలోకి ప్రవేశించుటకు అనర్హులు" అన్నారు.

"అందరూ అంటే ఎంతమందండీ?"

"నూట నలభై."

నేను పాల కవరు వెనకాల లెక్క వేశాను. మావాళ్ళు పదకొండుమంది. ఒక్కొక్కరూ నెల పొడుగునా రోజుకు యాభై గంటల సేవ చేయించుకోవాలి. రోజుకు ఇరవై నాలుగు గంటలే ఉన్నాయని ఆయనకు మనవి చేశాను.

"అందుకే సమాంతర సేవ అనే భావనను ప్రవేశపెట్టాము. ఒక లబ్ధిదారునికి ఏకకాలంలో పదముగ్గురు" అన్నారు ఆయన, నా లెక్క వైపు చూడకుండానే.

సోమవారం తొమ్మిదింటికి గేటు ముందు నూట నలభైమంది నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ నీలం రంగు లాగ్‌బుక్కులు. ఒక్కో గంటకు ఒక్కో పేజీ. పేజీలో మూడు గళ్ళు: గుర్తించిన సమస్య, చేసిన సేవ, సేవానంతరం లబ్ధిదారుని ముఖంలో కలిగిన మార్పు. కింద లబ్ధిదారు సంతకం.

పిల్లలు చెడ్డవాళ్ళు కాదు. భయపడ్డవాళ్ళు. పేజీ నిండకపోతే ఏడాది పోతుంది.

మొదటి రోజు మధ్యాహ్నానికల్లా నాగభూషణంగారి బీపీ పంతొమ్మిదిసార్లు చూశారు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు, డెబ్బై ఎనిమిదేళ్ళు. మొదటిసారి నూట ముప్పై ఉంది. పంతొమ్మిదోసారి నూట డెబ్బై. సాయంత్రం శేషశయనంగారు ఆ పుస్తకాలు తిరగేసి, "ఒక్కరోజులోనే గణనీయమైన మార్పు" అని పచ్చ సిరాతో రాశారు.

నాగభూషణంగారు లేచి వరండాలోకి నడుస్తానంటే ఇటు ఇద్దరు, అటు ఇద్దరు చెయ్యి పట్టుకున్నారు. వెనక ఒకడు, పడితే పట్టుకోవడానికి.

"బాబూ, ముప్పై రెండేళ్ళు పరిగెట్టే బస్సులో ఏదీ పట్టుకోకుండా నిలబడి టిక్కెట్లు కొట్టానయ్యా. నన్నొదలండి, దిగుతాను" అన్నారాయన.

"తాతగారూ, ఇంకో ఇరవై నిమిషాలు నడవాలండి. గంట అవ్వలేదు" అన్నాడు ఎడమ చేతి కుర్రాడు, బతిమాలుతున్నట్టు.

వరహాలమ్మగారి సంగతి వేరు. ఆవిడకు డెబ్బై నాలుగు. ఎవర్నీ నొప్పించలేని మనిషి. ఆవిడ గోళ్ళు తీసే పని ఎనిమిదిమందికి పడింది. రెండో రోజుకే తియ్యడానికి గోళ్ళు మిగల్లేదు. మూడో రోజు వచ్చినవాళ్ళు గోరుకత్తెరలు పట్టుకుని మంచం చుట్టూ కూర్చుని ఆవిడ వేళ్ళకేసి చూశారు. సమన్వయకర్తగారిని అడిగితే, ఎదురుచూడడం కూడా సేవలో అంతర్భాగమేనన్నారు.

జీవితచరిత్ర సేకరణ అని ఇంకోటి. పెద్దవాళ్ళ కథ విని రాసుకోవాలి. వరహాలమ్మగారు ఆ వారంలో తన కథ నలభైసార్లు చెప్పారు. అయిదో క్లాసులో బడి మాన్పించడం, పదిహేనో ఏట పెళ్ళి, అప్పడాలు వత్తి ఇద్దరు ఆడపిల్లల్ని గట్టెక్కించడం. శుక్రవారానికి ఆవిడకే విసుగొచ్చి కొంచెం మార్చడం మొదలుపెట్టారు. ఆ వారం లాగ్‌బుక్కుల ప్రకారం ఆవిడ భర్త మూడుసార్లు పోయారు, రెండుసార్లు తిరిగొచ్చారు.

రెండో వారంలో అసలు చిక్కు మొదలైంది. సమస్యలు అయిపోయాయి.

'సమస్య' అనే గడి ఖాళీగా ఉంటే ఆ గంట చెల్లదు. 'ఏమీ లేదు' అని రాసినా చెల్లదు. మావాళ్ళకేమో మోకాళ్ళ నొప్పులు, చత్వారం, మలబద్ధకం, అంతకుమించి పెద్దగా ఏమీ లేవు. అవన్నీ నూట నలభైమందీ రాసేసుకున్నారు. శేషశయనంగారు నన్ను పిలిచి మందలించారు.

"లబ్ధిదారుల వైపు నుండి సహకారం కొరవడుతున్నది. ఆరోగ్యం ఒక స్థాయిని మించితే అది కార్యక్రమ లక్ష్యాలకు విఘాతం కలిగిస్తుంది."

"ఏం చెయ్యమంటారండీ?"

ఆయన ఒక నోటీసు రాసిచ్చారు. ప్రతి లబ్ధిదారూ రోజుకు కనీసం రెండు సమస్యలు, ఉదయం తొమ్మిదింటిలోపు, వరండాలో పెట్టిన నల్లబల్ల మీద నమోదు చేయించుకోవాలి. ముందురోజు సమస్యను మళ్ళీ చెప్పకూడదు.

మరునాడు పొద్దున్నే మావాళ్ళు టిఫిన్ చల్లారబెట్టుకుని బల్ల ముందు వరస కట్టారు. ఒకాయన కుడి చెవిలో సముద్రం వినిపిస్తోందన్నాడు. ఒకావిడ, ఎంత ఆలోచించినా చిన్నప్పటి స్నేహితురాలి ఇంటిపేరు గుర్తురావడం లేదంది. దాని మీద ఆరుగురు పిల్లలు మూడు గంటలు పనిచేశారు. వరహాలమ్మగారు చాలాసేపు ఆలోచించి, "నా పేరున ఏదో ఒకటి మీరే రాసెయ్యండి రాహేలమ్మా. నాకేం తోచట్లేదు" అన్నారు. నేను 'ఏమీ తోచకపోవడం' అని రాశాను. అది ఆ రోజు సమస్యలన్నిట్లోకీ శ్రేష్ఠమైనదిగా ఎంపికైంది.

నాగభూషణంగారు మాత్రం బల్ల దగ్గరికి రాలేదు. ఆయనకు మెమో వచ్చింది. అది నేను చదివి వినిపించాల్సి వచ్చింది.

"మీరు నిన్న ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఎవరి సహాయమూ లేకుండా స్నానం చేసినట్లు మా దృష్టికి వచ్చినది. బకెట్టు కూడా మీరే మోసినట్లు ప్రత్యక్ష సాక్షులు తెలిపియున్నారు. తద్వారా ఇద్దరు విద్యార్థులకు చెరి అర్ధగంట నష్టం వాటిల్లినది. మీపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజులలో లిఖితపూర్వకంగా తెలియజేయగలరు."

ఆయన మెమో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "సర్వీసులో ఉన్నప్పుడు ఒక్క మెమో లేదమ్మా నాకు. మచ్చలేని రికార్డు. నీళ్ళోసుకున్నందుకు వచ్చింది" అన్నారు. మెమో మడిచి జేబులో పెట్టుకున్నారు. మేమందరం నవ్వబోయి ఆగిపోయాం.

ఆ గురువారం వరహాలమ్మగారు పడిపోయారు.

పదకొండవుతోంది. వంటింటి కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటూ, ఉన్నపళంగా గోడకు జారి కూలబడ్డారు. చుట్టూ పదముగ్గురున్నారు. నేను గదిలోంచి పరుగెత్తుకొచ్చేసరికి వాళ్ళ మధ్య చర్చ జరుగుతోంది. పదీ పదకొండు మధ్య ఆవిడ తనదని ఒకమ్మాయి, పదకొండు కొట్టేసింది కాబట్టి తనదని ఒకబ్బాయి. కళ్ళజోడు కుర్రాడు బల్ల దాకా వెళ్ళి చూసొచ్చి, "పడిపోవడం అని పొద్దున్న రాయించుకోలేదు" అన్నాడు. వాడి మొహంలో రక్తం లేదు. పాపం, వాడికి ఏం చెయ్యాలో తెలియక నిబంధన చెప్తున్నాడు.

ఇంతలో పక్క గదిలో ఎవరికో కాళ్ళు పడుతున్న పిల్ల ఒకతె వీళ్ళందర్నీ తోసుకుని వచ్చింది. పేరు షంషాద్. కింద కూర్చుని ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని, "చూస్తారేంట్రా, ఆటో పిలవండి!" అని అరిచింది. అప్పుడు పదముగ్గురూ ఒక్కసారే ఆటో కోసం పరుగెత్తారు. పదమూడు ఆటోలు వచ్చాయి.

ఆసుపత్రిలో డాక్టరు, షుగర్ బాగా పడిపోయిందన్నాడు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదా అని అడిగాడు. వరహాలమ్మగారు కళ్ళు తెరిచి సంజాయిషీ ఇచ్చుకున్నారు.

"ఇడ్లీ పెట్టుకున్నానండి. ఈలోగా పిల్లలొచ్చి ఏవేం తింటారు, ఎన్ని తింటారు, నవుల్తారా మింగుతారా అని అడిగేరు. నలుగురికీ చెప్పేసరికి నల్లబల్లకి వేళయిపోయింది."

ఆమెకు సెలైను ఎక్కినంతసేపూ షంషాద్ కదల్లేదు. అయిదున్నర గంటలు. నీళ్ళు తాగించింది, దుప్పటి సర్దింది, చెప్పమనకుండానే ఆవిడ కథ చెప్తే విన్నది. ఈసారి భర్త ఒక్కసారే పోయారు. లాగ్‌బుక్కు ఆశ్రమంలోనే మరిచిపోయి వచ్చింది ఆ పిల్ల.

డాక్టరు విశ్రాంతి రాశాడు. ఆశ్రమంలో విశ్రాంతికి నలుగురు పర్యవేక్షకుల్ని వేశారు. వాళ్ళు మంచం పక్కన కూర్చుని పావుగంటకోసారి, "నిద్ర పట్టిందా మామ్మగారూ?" అని లేపి అడిగి రాసుకున్నారు.

అది చూశాక నేను షంషాద్‌ని పక్కకు పిలిచాను. "వీళ్ళని ఎక్కడైనా కాసేపు పడుకోబెట్టాలమ్మా. ఎక్కడికి తీసుకెళ్ళను?"

ఆ పిల్ల ఆలోచించింది. "మా కాలేజీకి తీసుకెళ్ళండి మేడం. మా క్లాసులన్నీ ఖాళీ. గదికి నాలుగు ఫ్యాన్లు" అంది.

మరునాడు పొద్దున ఎనిమిదింటికి, పిల్లలు రాకముందే, పదకొండుమందినీ రెండు ఆటోల్లో ఎక్కించాను. చిట్టచివర నాగభూషణంగారు అలవాటు చొప్పున అందర్నీ ఒకసారి లెక్కపెట్టి, "రైట్!" అన్నారు.

కాలేజీలో రెండో సంవత్సరం గదుల వైపు నిజంగానే నిశ్శబ్దంగా ఉంది. ఒక్క గదిలోంచి మాత్రం పాఠం వినిపిస్తోంది. జంతుశాస్త్రం లెక్చరరు గణేశ్వరరావుగారు ఖాళీ బెంచీలకు వానపాము గురించి చెప్తున్నారు. విద్యార్థులు సేవలో ఉన్నా బోధన ఆగరాదని ఆయనకు విడిగా ఉత్తరువు వచ్చిందట. పన్నెండు రోజులుగా చెప్తున్నారు. మేం గుమ్మంలో కనపడగానే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కూర్చోండి, కూర్చోండి. ఫ్యాను కింద కూర్చోండి. పడుకున్నా ఫరవాలేదు. మావాళ్ళూ అదే చేసేవారు" అన్నారు.

తొమ్మిదిమంది బెంచీల మీద తలవాల్చి హాయిగా నిద్రపోయారు. నాగభూషణంగారు కిటికీ పక్క సీటు తీసుకున్నారు. వరహాలమ్మగారు మాత్రం ముందు బెంచీలో నిటారుగా కూర్చుని బోర్డుకేసి చూస్తున్నారు. కాసేపటికి చెయ్యెత్తారు.

"దానికి గుండెలు ఎన్నన్నారండీ?"

"నాలుగు జతలమ్మా. ఎనిమిది."

"ఎనిమిదా! ఒక్కదాంతోనే నేనింత అవస్థ పడుతున్నాను."

గణేశ్వరరావుగారు నవ్వుతూ రిజిస్టరు తీశారు. పదకొండుమంది పేర్లూ అడిగి రాసుకుని హాజరు వేశారు. ఆ నెలలో అదే అత్యధిక హాజరు.

ఇక్కడ ఆశ్రమంలో నూట నలభైమంది పిల్లలు, పదకొండు ఖాళీ మంచాలు. నేను వెనక్కి వచ్చేసరికి శేషశయనంగారు వరండాలో పచార్లు చేస్తున్నారు. కోప్పడతారనుకున్నాను. ఆయన అప్పటికే పరిష్కారం కనిపెట్టేశారు.

"లబ్ధిదారుల తాత్కాలిక అలభ్యత దృష్ట్యా, విద్యార్థులలో అర్ధభాగాన్ని తాత్కాలిక వయోవృద్ధులుగా నియమించుచున్నాము. మధ్యాహ్నం నుండి పాత్రలు తారుమారు."

ఆ రోజునుంచీ డెబ్బైమంది పిల్లలు దుప్పట్లు కప్పుకుని మంచాల మీద, చాపల మీద పడుకున్నారు. డెబ్బైమంది వాళ్ళ కాళ్ళు పట్టారు. సమస్యలకు ఇక కొదవ లేదు. ప్రేమ విఫలమైనవాళ్ళు, ఇంగ్లీషు రానివాళ్ళు, జుట్టు రాలేవాళ్ళు. నల్లబల్ల చాలక గోడ మీద కూడా రాశారు. మావాళ్ళు పొద్దున్నే టిఫిన్ డబ్బాలు పట్టుకుని కాలేజీకి వెళ్ళడం, సాయంత్రం నవ్వుకుంటూ రావడం. వరహాలమ్మగారు ఒక నోటుబుక్కు కూడా సంపాదించారు.

నెలాఖరున విశ్వవిద్యాలయం నుంచి ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. ఎండ ఎక్కువగా ఉందని వాళ్ళు త్వరగా ముగించారు. మొదట మంచాల దగ్గరికి వెళ్ళారు.

"లబ్ధిదారులు వీరేనా?" అని కమిటీ పెద్ద అడిగారు.

"నియమితులైన లబ్ధిదారులు వీరే" అన్నారు శేషశయనంగారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

పెద్దాయన ఒక కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, "వయసెంత?" అన్నారు.

"పందొమ్మిదండి."

ఆయన రాసుకున్నారు. తరవాతి మంచం దగ్గరికి వెళ్ళారు. అక్కడా పందొమ్మిదే. పది మంచాలు చూసి, ప్రారంభంలో పంపిన పట్టికతో సరిచూసి, తమలో తాము గుసగుసలాడుకున్నారు. నేను నిజం చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాను. 'ఆతిథేయ సంస్థ ప్రతినిధి చివరలో మాట్లాడవలెను' అన్నారు కమిటీ పెద్ద. చివర రాకముందే భోజనాలకు లేచారు.

నివేదిక వారంలో వచ్చింది. నేను దాన్ని అక్షరం మార్చకుండా చెప్తున్నాను. "కార్యక్రమ ప్రారంభమున లబ్ధిదారుల సగటు వయసు డెబ్బై ఆరు సంవత్సరములు. ముప్పై దినముల సేవానంతరం సగటు వయసు పందొమ్మిది. చూపు, వినికిడి, దంతములు సంపూర్ణముగా పునరుద్ధరింపబడినవి. ఫలితములు ఆశాజనకముగా ఉన్నవి." కింద ముగ్గురి సంతకాలు, ధ్రువీకరిస్తూ శేషశయనంగారి సంతకం.

ఆ నివేదికతో బాటే ఉత్తీర్ణుల జాబితా వచ్చింది. నూట ముప్పై తొమ్మిదిమంది. షంషాద్ పేరు లేదు.

ఆ పిల్ల ఆశ్రమానికి వచ్చి వరండా మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు. "అయిదున్నర గంటలు తగ్గాయంట మేడం. ఆసుపత్రి ఆతిథేయ సంస్థ కాదంట. మళ్ళీ రెండో సంవత్సరం చదవాలి. మా నాన్నకి ఎలా చెప్పాలో తెలీట్లేదు" అంది.

వరహాలమ్మగారు విన్నారు. లోపలికి వెళ్ళి నాగభూషణంగారితో చాలాసేపు మాట్లాడారు.

మరునాడు శేషశయనంగారు లాగ్‌బుక్కులు రిక్షాలో వేయించుకుని వచ్చారు. ఆ జాబితా ఖాయం కావాలంటే, చివరి పేజీలో మాత్రం తాత్కాలిక వృద్ధుల సంతకాలు చెల్లవు. అసలైనవాళ్ళే చెయ్యాలి. పదకొండుమందీ వరండాలో వరసగా కూర్చున్నారు. ఆయన పెన్ను మూత తీసి మొదట నాగభూషణంగారికిచ్చారు. ఆయన దాన్ని పక్కన పెట్టారు.

"ముందు ఆ సాయిబుల పిల్ల పుస్తకం తియ్యండి సార్."

"ఆ అభ్యర్థిని సేవాకాలం అసంపూర్ణం. నిబంధనలు అంగీకరించవు."

"అయితే నేను సంతకం పెట్టను. చెయ్యి వణుకుతోంది. ఇవాళ్టికి నా సమస్య అదే, రాసుకోండి" అన్నారు నాగభూషణంగారు. ఆ చెయ్యి బండరాయిలా ఉంది.

"నాకు కళ్ళు కనపట్లేదండి" అన్నారు పక్కావిడ. మూడో ఆయనకు తన పేరు గుర్తురాలేదు. అలా పదిమందీ అయ్యాక వరహాలమ్మగారి వంతు వచ్చింది. ఆవిడకు జన్మలో ఎవరికీ కాదని చెప్పిన అలవాటు లేదు. పెదవులు తడుపుకున్నారు.

"ఆ పిల్ల లేకపోతే నేను లేనండి. నేను లేకపోతే ఈ సంతకం ఎవరు పెడతారండి?"

శేషశయనంగారు ఆలోచనలో పడ్డారు. ఆయన కఠినుడు కాదు. నిబంధన దాటడం చేతకాని మనిషి, అంతే. నూట ముప్పై తొమ్మిదిమంది భవిష్యత్తు రిక్షాలో ఎండకు మాడుతోంది. ఆయన చెమట తుడుచుకుని, తెల్లకాగితం తీసి, అరగంట రాశారు. తరవాత నిలబడి చదివారు.

"పదమూడవ తేదీ గురువారం ఉదయం పదకొండు గంటల నుండి సాయంత్రం నాలుగున్నర వరకు, ఆసుపత్రిలోని ఆరవ నంబరు మంచమును, దాని పక్కనున్న స్టూలుతో సహా, ఈ ఆశ్రమమునకు అనుబంధ శాఖగా గుర్తించుచున్నాము."

నాగభూషణంగారి చేతి వణుకు తగ్గిపోయింది. పదకొండుమందీ మధ్యాహ్నం వరకూ సంతకాలు పెట్టారు. షంషాద్ పుస్తకంలో వరహాలమ్మగారు సంతకంతో ఆగక, ముఖంలో కలిగిన మార్పు అన్న గడిలో తన చేత్తోనే గుండ్రటి అక్షరాలతో 'బతికాను' అని రాశారు.

లబ్ధిదారులందరూ యౌవనంలోకి వచ్చేశారు కాబట్టి మా ఆశ్రమానికి ఇకముందు సేవ అవసరం లేదని విశ్వవిద్యాలయం తేల్చింది. పథకం పక్క జిల్లాకు వెళ్ళింది. మా వరండా మళ్ళీ మాకు దక్కింది. మావాళ్ళు ఎవరి నీళ్ళు వాళ్ళే పోసుకుంటున్నారు.

వరహాలమ్మగారు మాత్రం సోమవారం పొద్దున్న జడ వేసుకుని, ఉతికిన చీర కట్టుకుని నా దగ్గరికొచ్చారు. "ఇవాళ కప్ప మొదలెడతానన్నారండి గణేశ్వరరావుగారు. వెళ్ళొస్తాను" అన్నారు. నేను ఆవిడతో కాలేజీకి వెళ్ళాను. పిల్లలంతా తిరిగొచ్చారు. శేషశయనంగారు ఆఫీసు గదిలో ఉన్నారు. విషయం చెప్పగానే తల అడ్డంగా ఊపారు.

"అసాధ్యం. అయిదవ తరగతి అర్హతతో డిగ్రీ తరగతి! పైగా వయఃపరిమితి ఒకటి ఉన్నది."

"పరీక్ష రాయనండి. డిగ్రీ అక్కర్లేదు. ఊరికే కూర్చుని వింటాను."

"వినుటకైనను వయసు ఇరవై అయిదుకు మించరాదు."

వరహాలమ్మగారు సంచీలోంచి ఒక కాగితం తీసి, మడత విప్పి, ఆయన ముందు బల్ల మీద పెట్టారు. నా బీరువాలోంచి నివేదిక ఎప్పుడు తీసుకున్నారో నాకు తెలియదు.

"నాకు పందొమ్మిదండి. మీరే సంతకం పెట్టేరు."

ఆయన కళ్ళజోడు సవరించుకుని తన సంతకాన్ని చాలాసేపు చూశారు. కమిటీ సంతకాలు చూశారు. కాగితం వెనక్కి తిప్పి చూశారు. అది తప్పని ఆయన అనలేరు, ఒప్పని కూడా అనలేరు. ఈలోగా బెల్లు కొట్టారు.

"మీరు నిదానంగా ఆలోచించుకోండి సార్. నాకు క్లాసుంది" అని వరహాలమ్మగారు సంచీ భుజాన వేసుకుని లేచారు.